సున్నా వేసిన పదకొండు రోజులు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు కాదు నాది. ముప్పై ఒకటి. రిటైరైనవాళ్ళు రాయాల్సిన చోట నన్నెందుకు రాయమన్నారో సరిగ్గా అర్థం కాలేదు. అయితే ఒక ఉద్యోగం నుంచి మాత్రం నేను పూర్తిగా బయటికి వచ్చేశాను. అందులో ఒక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పులో ఒక ముక్క ఎలా జరిగిందో ఇప్పటికీ తేలలేదు. ఎలక్ట్రానిక్స్ చదివి కొత్తగా సిగ్నళ్ళ పనిలోకి వస్తున్నవాళ్ళకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ఆత్మకూరులో ఒక వాన రాడార్ ఉండేది. ఒక ప్రైవేటు సంస్థ ప్రయోగం కోసం పెట్టింది. మూడంతస్తుల మేడ మీద తెల్లటి గుండ్రటి కప్పు, దాని లోపల తిరుగుతూ ఒక చిన్న డిష్, కింద గదిలో నేనూ నా సహోద్యోగీ. ఊళ్ళో చాలామంది దాన్ని సెల్ టవర్ అనుకున్నారు. ఫోన్లో సిగ్నల్ లేనప్పుడల్లా ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చి మమ్మల్ని నిలదీసేవాళ్ళు. నా పనులు నాలుగు. తిరిగొచ్చే ప్రతిధ్వనుల్లోంచి చెత్త తీసేసే ప్రోగ్రాం రాయడం. రాడార్ చెప్పిన వానను ఊళ్ళలో వాన కొలిచే రెయిన్‌గేజ్‌లతో పోల్చడం. తేడా ఉంటే కారణం రాయడం. నెలకోసారి హైదరాబాదులోని మేనేజరుకు రిపోర్టు పంపడం. నేను దెబ్బతిన్నది మూడో పనిలో.

మొదటి తలనొప్పి ఉదయగిరి కొండ. రాడార్‌కు వాన చినుకైనా కొండరాయైనా ఒకటే. పంపిన అల దేన్ని తాకినా తిరిగొస్తుంది. స్క్రీన్ మీద వాయవ్యం మూల ఎప్పుడూ ఎర్రగా, కుంభవృష్టి కురుస్తున్నట్టు ఉండేది. నడి ఎండాకాలంలో కూడా.

వారానికోసారి నెల్లూరు నుంచి ఒక పెద్దాయన సలహాదారుగా వచ్చేవారు. సర్వీసంతా రాడార్ల దగ్గరే గడిపిన మనిషి. ఆయన చేరేనాటికి రెండో ప్రపంచ యుద్ధం తరువాతి కాలపు సెట్లే ఇంకా వాడకంలో ఉండేవట. నా ఎర్ర మచ్చను చూసి నవ్వారు.

"అబ్బాయ్, ఈ తలనొప్పి నీతో మొదలైంది కాదు. యుద్ధంలో స్క్రీన్ ముందర ఒక మనిషిని కూర్చోబెట్టేవాళ్ళు. ఏది విమానమో, ఏది గుట్టో కళ్ళతోనే తేల్చుకోవాల. యుద్ధం అయినాక ఒక ఉపాయం పట్టినారు. ఇప్పుడొచ్చిన ప్రతిధ్వనిని పాదరసం పోసిన గొట్టంలోకి పంపేది. అది ఆలస్యంగా బయటికొస్తాది. అంతలోకి తరువాతి ప్రతిధ్వని వస్తాది. దాంట్లోంచి దీన్ని తీసేసేది. రెండుసార్లూ ఒకే మాదిరి ఉండేది పోతాది, మారింది మిగులుతాది. కొండ పోయె, విమానం మిగిలె."

"గొట్టంలో పాదరసమా సార్?"

"ఆ. ఎండకొక మాదిరి, చలికొక మాదిరి ఉండేదంట అది. నువ్వేమో అదే పని రెండు లైన్లలో రాసి పారేస్తా ఉండావు."

రాడార్ పంపే అలలకు పెట్టే కోడింగ్ గురించీ ఆయన దగ్గరే నాకు సరిగ్గా అర్థమైంది. కాలేజీలో నేను సూత్రాలు రాసి మార్కులు తెచ్చుకున్నాను, అంతే. "గట్టిగా అరిస్తే దూరం పోతాది, గొంతు గూడా పోతాది. అందుకని మెల్లగా, మనకి మాత్రమే తెలిసిన వరసలో అరవాల. వచ్చిన రొదలో ఆ వరసని వెతుక్కోవాల. కోడంటే అంతే," అన్నారు. మా చిన్న రాడార్ అంత తక్కువ కరెంటుతో ఉదయగిరి దాకా చూడగలగడం ఆ వరస పుణ్యమే.

కొండను తీసేసే ఫిల్టరు నేను రాశాను. దగ్గరికి వచ్చేది, దూరం పోయేది ఉంచాలి. కదలనిది తీసేయాలి. మామూలు ఫిల్టరుతో ఆ కొండ పూర్తిగా పోలేదు. చెట్లు గాలికి ఊగుతాయి కదా, ఆ ఊగేది మిగిలిపోయేది. అందుకని స్క్రీన్ మీద కొండ పడే గడుల్లో మాత్రం ఫిల్టరును బాగా వెడల్పు చేశాను, కొద్దిగా కదిలేది కూడా పోయేలా. మచ్చ మాయమైంది. మేనేజర్ ఫోన్ చేసి "స్క్రీన్ అద్దంలా ఉంది" అన్నారు. ఆ మాటను నేను నలుగురైదుగురికి చెప్పుకున్నాను కూడా.

రెయిన్‌గేజ్‌లు మర్రిపాడు, దుత్తలూరు, ఉదయగిరి, ఇంకా కొన్ని ఊళ్ళలో ఉండేవి. ఉదయగిరిలో గేజ్ చూసేది కొయ్య చెంచాలు చెక్కే ఒక ఆమె. యాభై దాటి ఉంటాయి. ఆమెకు అది డబ్బా. పొద్దున ఎనిమిదిన్నరకు గాజు గొట్టంలో నీళ్ళు కొలిచి ఫోన్ చేసేది. "అబ్బయ్యా, ముప్పై నాలుగు. మళ్ళీ చెప్తుండా, ముప్పై నాలుగు." నేను తిరిగి చెప్పేదాకా పెట్టేది కాదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆమె లెక్కా రాడార్ లెక్కా దాదాపు సరిపోయాయి. అక్టోబరు నుంచి తేడా మొదలైంది. ఆమె ఇరవై ఎనిమిది అంటుంది, రాడార్ సున్నా అంటుంది. ఆమె నలభై అంటుంది, రాడార్ సున్నా. నవంబరు ఆఖరుకు అలాంటివి పదకొండు రోజులు తేలాయి. అదే రోజుల్లో దుత్తలూరు మీద వాన చక్కగా కనిపించింది. ఉదయగిరి దగ్గరికి వచ్చేసరికి గీత గీసినట్టు ఆగిపోయింది. వాన అంత తిన్నగా ఆగదని చిన్నపిల్లలు కూడా చెప్తారు. నేను మాత్రం "కొండ ప్రభావం" అని రాసుకుని ముందుకు పోయాను.

కారణాల జాబితా ఒకటి తయారుచేశాను. పిల్లలెవరో గేజ్‌లో నీళ్ళు పోసి ఉంటారు. కొయ్య నానబెట్టిన నీళ్ళు చింది ఉంటాయి. గాజు గొట్టం తప్పుగా చూసి ఉంటుంది. లేకపోతే బయటికి పోకుండా ఇంట్లో కూర్చుని అంకె చెప్తూ ఉంటుంది. ఒక్కోదాన్నీ కొట్టేసుకుంటూ పోతే ఆఖరుది మిగిలింది. ఆ జాబితాలో ఫిల్టరు పేరు లేదు. కావాలని వదిలేయలేదు. నాకు తట్టలేదు, అంతే. అదే ఎక్కువ భయం వేస్తుంది ఇప్పుడు తలచుకుంటే.

రిపోర్టులో పదకొండు రోజుల ఎదురుగా "పరిశీలకురాలి రీడింగు నమ్మదగినది కాదు" అని టైపు చేశాను. మేనేజర్ దాన్ని ఒక లేఖగా మార్చి, కాపీ మండలాఫీసుకు పంపి, గేజ్ వెనక్కి తెమ్మని నాకు చెప్పారు.

డిసెంబరు మొదటి వారంలో, పొద్దున బస్సుకు ఉదయగిరి పోయాను. ఆమె వసారాలో కూర్చుని ఆకురాయితో గరిటె అంచు నున్నగా చేస్తోంది. చుట్టూ పచ్చి కొయ్య వాసన. గోడ వారగా చాప మీద ఆరబెట్టిన చెంచాలు, ఫోర్కులు.

"డబ్బా తీసుకపోను వచ్చినావా?" అంది తల ఎత్తకుండా.

"ఎట్ల తెలుసక్కా?"

"ఖాళీ సంచి తెచ్చినావు గదా. ఇచ్చేదానికొచ్చేవాళ్ళ సంచి నిండుగా ఉంటాది."

లేఖ చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. "రీడింగులు వాస్తవానికి విరుద్ధంగా ఉన్నందున" అన్న చోట వేలు ఆపింది. కింద మండలాఫీసుకు కాపీ అన్న వరసనూ చదివింది.

"అంటే అబద్ధం చెప్పినానని."

"అట్ల కాదక్కా."

"మరెట్ల?"

నేను వాకిట్లోని గేజ్ వైపు చూశాను.

"డబ్బా తీసుకపో. అది లేకపోతే నాకు పొద్దు పోదా ఏంది. ఈ కాగితం మాత్రం వాపసు పట్టకపో. నాతో గూడా చెక్కేవాళ్ళు ఎనిమిదిమంది ఆడోళ్ళు ఉండారు. సాయంత్రానికి ఎవురు ఎన్ని చెక్కినారో నేను చెప్తాను. ఎవురూ మళ్ళీ లెక్కబెట్టుకోరు. మండలాఫీసులో ఉండే కాగితం నాలుగు రోజుల్లో వాళ్ళ దగ్గిరికీ వస్తాది. అప్పుడు నా లెక్క ఎవురు నమ్ముతారు?"

నేను గేజ్ విప్పడానికి వాకిట్లోకి దిగాను. మొదటి బోల్టు విప్పేలోగా వాన మొదలైంది. ఏదో తుంపర కాదు, ధారగా. ఆమె లేచి, నన్ను చూడకుండానే, చెంచాల చాపను ఈ గోడ వార నుంచి ఆ గోడ వారకు లాగింది. నేను చూరు కిందికి వచ్చి ఆత్మకూరులో ఉన్న నా సహోద్యోగికి ఫోన్ చేశాను.

"ఉదయగిరి మీద ఏముందిరా?"

"ఏం లేదు. శుభ్రంగా ఉండాది."

"నేను తడిసిపోతా ఉండాను రా ఇక్కడ."

"ఎట్ల తడుస్తావు? స్క్రీన్ ప్రకారం నువ్వు ఎండలో నిలబడి ఉండావు."

"ఇంకోసారి చూడు."

"చూస్తానే ఉండా. దుత్తలూరు దాకా వాన, ఆడినుంచి కత్తిరించినట్టు పోయింది. నువ్వు చేసిందే గదా, ముద్దుగా ఉండాది."

ఫోన్ పెట్టేశాను. మొదట నాకొచ్చిన ఆలోచన ఇది: మేఘం కొండను పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది, కదలనిది కాబట్టి ఫిల్టరు తీసేసింది. లెక్క సరిపోయిందని ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకున్నాను. తల ఎత్తి చూస్తే మేఘాలు ఉరుకుతున్నాయి. కొండ అంచును రాసుకుంటూ ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాన ధారలు కూడా ఏటవాలుగా పడుతున్నాయి. ఇంత కదిలేది ఎలా పోయింది? కదిలేది మిగలాలి. ఆ ఒక్క మాట మీదే నేను ఆ ప్రోగ్రామంతా రాశాను. ఇప్పుడు నా కళ్ళు చెప్పేదీ నా ఫిల్టరు చెప్పేదీ రెండూ నిజమే అనిపించింది. రెండూ నిజమయ్యే దారి మాత్రం కనపడలేదు.

"ఏంది అబ్బయ్యా, వాన ఎప్పుడూ చూళ్ళేదా?" అంది ఆమె.

"అక్కా, నువ్వు రాసుకునే నోటుపుస్తకం ఒకసారి ఇస్తావా?"

ఇచ్చింది. మేమిచ్చిన పుస్తకమే. తేదీకి ఒక గడి, మిల్లీమీటర్లకు ఒక గడి. పక్కన ఆమె స్కేలు పెట్టి ఇంకో గీత కొట్టుకుంది. ఆ మూడో గడిలో కొన్నిచోట్ల "సీ", కొన్నిచోట్ల "కొం" అని ఉంది.

"ఇదేంది?"

"వాన ఏ పక్క నుంచి కొట్టిందో. సీ అంటే సీతారామపురం పక్క, కొం అంటే కొండాపురం పక్క. ఆ పక్క గోడకి చెంచాలు పెట్టకూడదు గదా. జల్లు తగిలితే పచ్చికొయ్య మచ్చలు పడతాది. ఏ నెలలో ఏ పక్క నుంచి వస్తాదో తెలిస్తే ముందే సర్దుకుంటాము."

నేను జేబులోంచి నా పదకొండు తేదీల కాగితం తీసి పుస్తకం పక్కన పెట్టుకున్నాను. కొం, కొం, కొం. ఆరోది కొం. పదోది కొం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, లెక్కలు కలిసిన రోజులన్నీ సీ. జాబితాలో ఆఖరుదైన పదకొండోదాని దగ్గర మాత్రం సీ ఉంది. దాన్ని అప్పటికి పక్కన పెట్టి పెద్దాయనకు ఫోన్ చేశాను.

"సార్, వాన కదలతా ఉండాది. అయినా ఫిల్టరు తీసేస్తా ఉండాది."

"ఎటు కదలతా ఉండాది?"

"కొండాపురం పక్క నుంచి మర్రిపాడు పక్కకి."

"ఆత్మకూరులో నిలబడి చూస్తే?"

"అడ్డంగా."

"మరి నీ రాడార్‌కి దగ్గరికి వస్తా ఉందా, దూరం పోతా ఉందా?"

"రెండూ లేదు సార్."

"అయితే దాని లెక్కలో అదీ కొండే. నువ్వు తలుపు అంత వెడల్పుగా తెరిచి పెట్టినావు, కొండతో పాటు వాన గూడా బయటికి పోయింది." మళ్ళీ ఆయనే, "నాకు గూడా ముందే తట్టి ఉండాల," అన్నారు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు సీతారామపురం పక్క నుంచి, అంటే వాయవ్యం నుంచి, ఉదయగిరి మీదుగా మా వైపుకే వస్తాయి. అవి కనిపించాయి. అక్టోబరు నుంచి కొండాపురం పక్క నుంచి కొట్టే ఈశాన్యపు వానలు రాడార్ చూపుకు సరిగ్గా అడ్డంగా పోతాయి. అవి చెరిగిపోయాయి. పుస్తకంలో ఒక వరస ఎక్కువ గీసుకున్న మనిషికి తెలిసిన సంగతి, మాకు తెలియలేదు. గేజ్ బోల్టు మళ్ళీ బిగించి, ఖాళీ సంచితోనే బస్సెక్కాను.

ఫిల్టరు సరిచేయడానికి ఒక పూట పట్టింది. కాగితం సరిచేయడానికి మూడు వారాలు. మేనేజర్ అన్నారు: "సరిచేశావు కదా. మళ్ళీ రాతలెందుకు? వచ్చే నెల ప్రాజెక్టు పొడిగింపు మీటింగ్ ఉంది." నేను రోజూ అడిగాను. నాకు ధైర్యం ఎక్కువై కాదు. లేఖ గుర్తొచ్చినప్పుడల్లా పని తోచేది కాదు. ఆఖరుకు రెండు వాక్యాల లేఖ వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల పాత లేఖను ఉపసంహరించుకుంటున్నామని. దాన్ని తీసుకుని నేనే ఉదయగిరి పోయాను. ఆమె సంతోషపడుతుందని అనుకున్నాను.

చదివి, కాగితం వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"తప్పు ఎవురిదని రాసినారు ఇందులో?"

"ఎవురిదనీ రాయలేదక్కా."

"పోయినసారి నాదని రాసినారు. ఈసారి ఎవురిదో రాయలేదు. అయితే అది ఇంకా నా దగ్గిరే ఉండాది."

ఆ ఆదివారం కూర్చుని నా పేరుతో, తెల్లకాగితం మీద, తెలుగులో రాశాను. ఫిల్టరు రాసింది నేను. వెడల్పు చేసింది నేను. ఆమె రీడింగులు తప్పని రిపోర్టులో పెట్టింది నేను. కింద పదకొండు తేదీలు వరసగా వేసి, ప్రతిదాని ఎదురుగా "రాడార్ తప్పు" అని రాశాను. ఒక కాపీ మండలాఫీసులో ఇచ్చి, ఇంకోటి ఆమెకు తీసుకుపోయాను. మేనేజరుకు చెప్పలేదు.

ఆ రోజు వసారాలో మిగతా ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఎనిమిదిమందీ. ఆకురాళ్ళ చప్పుడుకు మాట వినపడటం లేదు. ఆమె కాగితం తీసుకోలేదు.

"నాకియ్యద్దు. వాళ్ళకి వినపడేట్టు చదువు."

చదివాను. ఒక్కొక్క ఆకురాయే ఆగింది. ఫిల్టరు గురించి చెప్తుంటే ఒకామె, "అంటే మేమందరం తడిసినాం, మీ మిషనుకి మాత్రం పొడిగా ఉండాము," అంది. ఇంకొకామె, "దానికి గొడుగు కొనిచ్చినట్టుండారు," అంది. అందరూ నవ్వారు. నేను తేదీలు చదువుతూ పోయాను. పదకొండోదానికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఎత్తింది.

"ఆగు. అది సీతారామపురం వాన గదా. దాన్నెందుకు తీసేసింది మీ మిషను?"

"తెలీదక్కా. చాలా చూసినాను, తేలలేదు."

"మరి నీ తప్పని ఎందుకు రాసినావు?"

"నీ మీద ఉండకూడదని."

"నేను ఆ రోజు గొట్టం వంచి చూసినానేమో. ఎవురన్నా నీళ్ళు పోసినారేమో. నేను ఒట్టేసి చెప్పగలనా? నీది కానిదాన్ని నువ్వు రాసుకుంటే, పైన పదీ నీవేనని వీళ్ళు ఎట్ల నమ్ముతారు? కొట్టేసి తెలీదని రాయి."

మొదట మాట్లాడినామె, "పోనీలే అక్కా, పిల్లోడు పడతానంటే పడనీ," అంది.

"వద్దు," అంది ఆమె. నా వైపు తిరిగి, "తెలీదని రాసేదానికి మీ చదువులో చోటు లేదా?" అని అడిగింది. ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

కొట్టేసి, "తెలియదు" అని రాసి, పక్కన సంతకం చేశాను. అప్పుడు తీసుకుంది. ఆకురాళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది. మర్నాడు మండలాఫీసు కాపీలోనూ పదకొండో వరసను అలాగే దిద్దాను.

ఆమె అడిగినదానికి జవాబు కోసం ఆఫీసులో నా ప్రోగ్రాం తెరిచి చూశాను. ఒక్కో గడికి సున్నా నుంచి రెండు వందల యాభై ఐదు దాకా ఒక అంకె ఇస్తాం. సున్నా అంటే వాన లేదు. ఫిల్టరు తీసేసిన గడికి కూడా సున్నానే వేయమని రాసింది నేనే. అసలు ప్రతిధ్వనులు దాచిపెట్టలేదు, డిస్కు నిండిపోతుందని. అందుకే పదకొండో రోజు ఏం జరిగిందో ఎప్పటికీ తేలదు. ఆ సున్నా వాన లేని సున్నానో, నేను చెరిపిన సున్నానో చెప్పే గుర్తు ఎక్కడా లేదు. రెండు వందల యాభై ఆరు అంకెల్లో ఒక్కటి కూడా "తెలియదు"కు కేటాయించలేదు. అంటే ఆమె అడిగినదానికి జవాబు, లేదనే.

ఆఖరి అంకెను దానికి ఇచ్చాను. స్క్రీన్ మీద బూడిద రంగు పెట్టాను. ఫిల్టరు సరిచేశాక కూడా కొండకూ వానకూ తేడా తేలని గడులన్నీ ఆ రంగులోకి వచ్చాయి. మర్నాడు మేనేజర్ ఫోన్ చేశారు.

"వాయవ్యంలో ఆ బూడిద మచ్చ ఏంటి? మీటింగ్‌లో చూపించాలి నేను."

"అక్కడ వాన ఉందో లేదో మనకు తెలియదు సార్."

"తీసేయ్."

"తీసేస్తే వాన లేదని చెప్పినట్టు అవుతుంది సార్."

మార్చిలో నా కాంట్రాక్టు పొడిగించలేదు. అందుకేనా, వేరే కారణమా, అడగలేదు. నేను గది తాళం అప్పగించేనాటికి ఉదయగిరి మీద ఆ బూడిద రంగు అలాగే ఉంది.